నేత్రాణి నీళ్ళ కింద బావ గాలి

బాన్సువాడలో సాయంత్రం ఆరు గంటల బస్సెక్కగానే కిటికీ సీటు బావ పట్టుకున్నాడు. కొత్తేమీ కాదు. మూడేళ్ళ కిందట నిజాంసాగర్ కట్ట మీద అందరూ వింటుండగా, "నువ్వు గీడనే నిలబడు పిల్లా, ఆడోళ్ళకు నీళ్ళు జూస్తెనే కండ్లు తిరుగుతయి" అన్న మనిషి ఆయన. అక్క భర్త కాబట్టి ఆ రోజు నవ్వి ఊరుకున్నాను. మరిచిపోలేదు. ఆయన్ని పక్కన పెట్టుకుని సముద్రం అడుగుకు దిగి చూపించాలనే ఈ ప్రయాణం.

రాత్రి హైదరాబాద్‌లో చుట్టాలింట్లో పడుకుని, తెల్లవారి కాచిగూడలో కర్ణాటక తీరంలోని మురుడేశ్వర్‌కు రైలెక్కాం. మాతో వచ్చిన అక్క కట్టిన జొన్నరొట్టెలు, పల్లికారం మర్నాటి దాకా వచ్చాయి. ఎదురు సీటు ముసలామె, "నీళ్ళ కిందికెందుకు బిడ్డా, ఏం పోగొట్టుకున్నవ్?" అని అడిగింది. బావ పగలబడి నవ్వాడు. అదీ గుర్తుంది.

మర్నాడు మధ్యాహ్నానికి దిగి, ఆ తర్వాతి ఉదయం ఏడింటికి పడవ ఎక్కాం. వెళ్ళేవాళ్ళు రెండు ఇడ్లీలతో సరిపెట్టుకోండి. నేత్రాణి దీవి దాకా గంటన్నర అలలే. అక్క చెప్పులకు కాపలా ఉంటానని పడవలోనే ఉండిపోయింది.

మమ్మల్ని దింపే అమ్మాయి హిందీలో అన్నీ వివరించింది. వీపుకు కట్టే గాలి సిలిండర్లు అందరికీ ఒకే సైజు. మామూలుగా ఆడవాళ్ళకు గాలి ఎక్కువసేపు వస్తుందట, ఒళ్ళు చిన్నది కాబట్టి. కంగారుపడితే మాత్రం ఎవరిదైనా తొందరగా అయిపోతుంది. జంటగా దిగే ఇద్దరిలో ఎవరి గాలి ముందు తగ్గినా ఇద్దరూ పైకి రావలసిందే. ఆ మాటకు బావ నా వైపు తిరిగి, "జర మెల్లగ పీల్చు. నా మజా ఖరాబ్ చెయ్యకు" అన్నాడు.

దిగాం. చెవుల్లో నా ఊపిరి తప్ప మరో చప్పుడు లేదు. పసుపు చేపల గుంపు ఒకటి నా మొహం దాకా వచ్చి, రెండుగా చీలి, నా వెనక మళ్ళీ ఒకటైంది. ఆరబోసిన వడ్ల మీద మబ్బునీడ కదిలినట్టు ఇసుక మీద వెలుగు కదులుతోంది. ఆ కాసేపు నాకు ఎవరి మీదా కోపం లేదు. అలా ఉండటం ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది.

ఒక రాతి చాటు నుంచి తాబేలు తల బయటపెట్టింది. సరిగ్గా అప్పుడే ఆ అమ్మాయి, ఇక పైకి అన్నట్టు బొటనవేలు చూపింది. బావ నా చెయ్యి పట్టుకుని ఆయాసపడుతున్నాడు. ఆయన గాలి అయిపోవచ్చింది. నాది సగం మిగిలే ఉంది.

పడవలో అక్క, "గింత జల్దీ వచ్చిన్రేంది?" అంది.

"నీ చెల్లె భయపడ్డది."

రెండు సిలిండర్ల మీటర్లూ అక్క ముందు పక్కపక్కన పెట్టాను. అక్క రెండూ చూసింది. "ఇగ నువ్వు నిజాంసాగర్ కట్ట మీదనే నిలబడు" అంది బావతో. ఆ మాట తనకూ గుర్తుందని అప్పటిదాకా నాకు తెలియదు.

తిరుగు బస్సులో బావ కిటికీ సీటు నాకిచ్చి, "గీ ముచ్చట బాన్సువాడల చెప్పకు" అన్నాడు. చెప్పలేదు, రాశాను. కట్ట మీది మాటను ఎప్పటికైనా వదిలేస్తానేమో కానీ, సగమే చూసిన ఆ తాబేలును వదలను. ఈసారి నా జంటగా అక్క దిగుతుంది. చెప్పులకు కాపలా బావ.