పోశన్నకు ఇచ్చిన మాట, ఈసా టౌన్ సభ

తొంభైలలో బహ్రెయిన్‌లో ఉన్నప్పుడు నేనొక తత్వశాస్త్ర సభకు వెళ్ళాను. నేను చదివింది ఊరి బడిలో ఐదో తరగతి వరకే. అయినా పని ఉండే వెళ్ళాను. సిత్రాలో కార్మికుల క్యాంపులో నా పక్క మంచం పోశన్నకు పనిలో కుడిచేతి మూడు వేళ్ళు పోయాయి. ఇంటి దగ్గర చెప్పవద్దని ఆస్పత్రిలో నా దగ్గర మాట తీసుకున్నాడు. మాదీ వాళ్ళదీ ఒకటే వాడ. శనివారం నేను సెలవు మీద ఊరికి పోతే అతని భార్య లచ్చవ్వ ఎదురుగా నిలబడి పోశన్న ఎలా ఉన్నాడని అడుగుతుంది. మాట తప్పాలా, అబద్ధమాడాలా?

ఆ వారమే ఈసా టౌన్‌లోని విశ్వవిద్యాలయంలో తత్వశాస్త్ర విభాగం వాళ్ళ హాలులో కుర్చీలు వేయడానికి మమ్మల్ని పంపారు. ఆ విభాగం ఆఫీసులో గుమాస్తా ఖాజా సాబ్ నిజామాబాద్ మనిషి. "గురువారం వీళ్ళ సంఘం సభ ఉన్నది లింగన్నా. ఇచ్చిన మాట గురించే మాట్లాడ్తరు. ఎవరన్న రావచ్చు. ఏదన్న అడగాలంటే చీటీ రాసియ్యాలె, అధ్యక్షురాలు సదువుతది" అన్నాడు. చీటీ మీద పేరు అక్కర్లేదట. నలుగురిలో నోరు పెగలని నాకు ఆ పద్ధతి నచ్చింది.

గురువారం డ్యూటీ మార్చుకుని పొద్దున ఏడున్నరకు బయలుదేరాను. సిత్రా నుంచి ఈసా టౌన్‌కు షేరు పికప్‌లో రెండు వందల ఫిల్సులు, ఇరవై నిమిషాలు. పెషావర్ డ్రైవరు నా ఇస్త్రీ చొక్కా చూసి "పెళ్ళా భాయ్?" అని హిందీలో అడిగాడు. చదువుకున్నవాళ్ళ మాటలు వినడానికన్నాను.

"అయితే కిరాయి ఇప్పుడే ఇచ్చెయ్. తెలివి పెరిగాక బేరమాడతావు" అని నవ్వాడు.

తొమ్మిదికి సభ మొదలైంది. దేశదేశాల వాళ్ళు కాగితాలు చూసి చదివారు. నాకు అర్థమైంది తక్కువ. ఒకటి మాత్రం గమనించాను. ఒకరి ముఖం మీద ఒకరు "అది తప్పు" అన్న ఇద్దరు టీ దగ్గర ఒకే ప్లేటులో బిస్కెట్లు తిన్నారు. మా క్యాంపులో అయితే వారం రోజులు మాటలుండవు.

టీ విరామంలో నా ప్రశ్న తెలుగులో రాశాను. ఖాజా సాబ్ దాని కింద ఇంగ్లీషులో రాసి ముందుకు పంపాడు. పన్నెండింటికి అది చదివారు. ఖాజా సాబ్ తెలుగులో చెబుతుంటే విన్నాను: ఒకాయన లేచి మాట మాటేనన్నాడు. ఇంకొకాయన అబద్ధం అబద్ధమేనన్నాడు. గొంతులు పెరిగాయి.

"నీ చీటీ కొట్లాట పెట్టింది" అని ఖాజా సాబ్ నా చెవిలో అన్నాడు.

చివరకు తెల్లజుట్టు అధ్యక్షురాలు కళ్ళద్దాలు తీసి నెమ్మదిగా ఏదో అడిగింది.

"ఏమంటున్నది సాబ్?"

"మాట తీస్కున్నోడు బతికే ఉన్నడు గద, ఇచ్చినోడు వాపస్ ఇయ్యమని అడిగిండా అంటున్నది."

అడగలేదు. అంతవరకు నాకు తోచనేలేదు. లేచాను.

"బిర్యానీ ఉన్నది, తినిపో."

"ధైర్యం సల్లారకముందే పోవాలె సాబ్."

పోశన్న ఆస్పత్రి ఉన్న మనామాకు బస్సు యాభై ఫిల్సులు. ఆస్పత్రిలో మూడింటికి లోపలికి వదిలారు. పోశన్న నన్ను చూసి కూడా కట్టు కట్టిన చేతిని దుప్పటి కిందే ఉంచాడు.

"పోశన్నా, నా మాట నాకు వాపస్ ఇయ్యి. లచ్చవ్వ ముంగట నేను అబద్ధమాడలేను."

అతను గోడ వైపు తిరిగాడు. "ఏడుస్తదన్నా."

"ఏడ్వనీ. నేనుంట గద."

"గిన్ని మాటలు నీకెవరు నేర్పిండ్రు?"

"ఇయ్యాల సభకు పోయిన."

"దుబాయికొచ్చి సభలకు గూడ పోతున్నవా!" అని నవ్వాడు. మా ఊరివాళ్ళకు గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే. తర్వాత చేతిని బయటికి తీసి దుప్పటి మీద పెట్టాడు. "తీస్కో నీ మాట. మూడు వేళ్ళే అని సక్కగ చెప్పు, లేకుంటే చెయ్యే పోయిందనుకుంటది. బొటనవేలు ఉన్నదను. పార పట్టుకుంట."

ఊళ్ళో లచ్చవ్వకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె మొదట అడిగింది ఒక్కటే: "బొటనవేలున్నదా బావా?"

మాట తీసుకున్నవాణ్ణే అడగమనడానికి అంత చదువు కావాలా అని కొందరు నవ్వారు. నాకైతే కావలసి వచ్చింది. ఆ సభలో వాళ్ళు ఏమీ తేల్చలేదు. వాదించి వాదించి, నేను అడగని ప్రశ్నను నాకు చూపించారు. అది చాలు.

అలాంటి సభకు వెళ్ళేవారు ప్రశ్నను ముందే గదిలో కూర్చుని, సొంత భాషలో, రెండు వరుసల్లో రాసి జేబులో పెట్టుకోండి. అక్కడ రాయబోతే టీ చల్లారిపోతుంది. జవాబు దొరికితే మాత్రం బిర్యానీ కోసం ఆగకండి.