నారాయణప్ప మామ పూసిన గచ్చు

పోయిన వారం హిందూపురంలో మా ఇంటి షవర్ కారడం మొదలైంది. నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో అంతుపట్టక ప్లంబరు రెండు టైల్స్ ఊడగొట్టేసరికి, ఎన్నాళ్లుగానో నానిన సిమెంటు, ఇటుక కలిసిన పచ్చివాసన గుప్పున కొట్టింది. “పక్కింటోళ్ల నీళ్లేమో, ఒక మాట అడుగు” అన్నాడు మా ఆయన మామూలుగా. ఆ వాసనకు ఈ మాట కూడా తోడయ్యేసరికి నాకు చెవులు వేడెక్కాయి, ఎందుకంటే ధర్మవరంలో ఒక శ్రావణమాసమంతా మా ఇల్లు ఇదే వాసన వేసింది, మా అవ్వ కూడా ఇదే మాట అంది.

మా వీధిలో ఇళ్లన్నీ ఒకదాని గోడ ఒకటి పంచుకుని ఉండేవి. తెల్లారితే ఏ ఇంట్లో ఉగ్గాని తాలింపు పెట్టారో, ఏ ఇంట్లో పట్టు ఉడకబెడుతున్నారో ముక్కుకే తెలిసిపోయేది. ఎండాకాలంలో పిల్లలకు చల్లటి చోటంటే మగ్గం గుంటే. నేసేవాళ్లు కాళ్లు పెట్టుకోవడానికి తవ్విన ఆ గుంటలో మా నాయన పాదాల పక్కనే కూర్చుని నేను గచ్చకాయలాడేదాన్ని. కాయ దొర్లిపోతే ఆయన కాలి వేలితోనే నా వైపు నెట్టేవాడు. అవ్వ వాకిట్లో ఆకూ వక్కా నములుతూ వీధినంతా కనిపెట్టుకుని ఉండేది. ఆమె నోటికి జడిసి కుక్కలు కూడా అవతలి పక్కనుంచి పోయేవంటే నమ్మాలి.

గోడకు అవతల నారాయణప్ప మామ, సుంకమ్మత్త ఉండేవాళ్లు. చుట్టరికం లేదు గానీ పండగనాడు మా ఓళిగలు ఆ ఇంటికి, వాళ్లు కాల్చిన చెనిక్కాయలు మా ఇంటికి నడిచి వెళ్లినట్టే వెళ్లేవి. మామ కూడా నేతగాడే, కానీ తాపీ పట్టడమంటే ఆయనకు సరదా. వాళ్లు నీళ్లు పోసుకునే జాలాడికి గచ్చు తానే పూసుకుని, వచ్చినవాళ్లందరికీ చూపించి, చెయ్యి పెట్టి తడమమనేవాడు. నాతో కూడా తడమించాడు, అద్దంలా జారేది.

ఆ ఏడు నాయన చీరలు అమ్మడానికి బెంగళూరు పోయి, లాడ్జిలో షవర్ చూసి వచ్చి, మా స్నానాల గదిలో ఒకటి పెట్టించాడు. మిద్దె మీద డ్రమ్ము, అక్కడి నుంచి గోడ లోపలగా దిగే పైపు. కొళాయి నీళ్లు నాలుగు రోజులకొకసారి వచ్చే ఊళ్లో షవరేమిటని వీధి నవ్వింది, నవ్వుతూనే చూడటానికి వచ్చింది. శ్రావణం వచ్చేసరికి మగ్గం గుంట చెమ్మగిల్లింది. పడుగు వదులైపోయింది, నాయన కాళ్లు బురదలో దిగబడ్డాయి. మగ్గం మీద ఉన్నది ముహూర్తం దగ్గరపడిన పెళ్లిచీర. కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నట్టు, నిన్నగాక మొన్న పెట్టిన షవర్‌ను ఎవరూ అనుమానించలేదు.

“నారాయణప్పా, మీ జాలాడి నీళ్లు మా గుంటలోకి దిగుతాండాయి. పెండ్లి చీర మగ్గం మీద ఉండాది, ఏం జేస్తావో జెయ్యి” అంది అవ్వ, వీధంతా వినేటట్టు.

ఆయన గడ్డపార తెచ్చి, తాను పూసిన గచ్చును తానే పగలగొట్టుకున్నాడు. అది మళ్లీ పూసి ఆరేదాకా సుంకమ్మత్త పెరట్లో రెండు పాతచీరలు అడ్డం కట్టుకుని, వీధి లేవకముందే నీళ్లు పోసుకునేది. మిద్దె మీద పడుకున్న నాకు ఆ చెంబు చప్పుడు వినపడేది.

అక్కడ చుక్క నీళ్లు పడకపోయినా మా గుంట ఆరలేదు. నాయనకు అనుమానం తగిలి, పట్టుకు అద్దే రాణిరంగు పిడికెడు తీసుకెళ్లి మా డ్రమ్ములో కలిపాడు. మర్నాటికి మా గుంటలో గులాబి రంగు నీళ్లు ఊరాయి. అవ్వ చాలాసేపు వాటిని చూసి, చాటెడు ఇసుక తెచ్చి కప్పేసింది.

“ఈ మాట గడప దాటగూడదు” అంది.

వీధివాళ్లకు తెలియకుండా ఊరి అవతల నుంచి మనిషిని పిలిపించారు. షవర్‌కు నీళ్లు తెచ్చే పైపు గోడలో వంపు తిరిగేచోట మరలకు నూలు చుట్టకుండానే బిగించేశారట. నేత ఇంట్లో నూలు తక్కువై వచ్చిన తంటా! అతను విప్పి, నూలు చుట్టి, తెల్లమందు పూసి బిగించి పోయాడు. గుంట ఆరింది. అటు మామ గచ్చు కూడా అప్పుడే ఆరింది.

ఆ సాయంత్రం ఆయన చెనిక్కాయల తట్టతో మా ఇంటికొచ్చాడు. “మా వల్ల మీకు శానా కష్టమాయె పెద్దమ్మా, మనసులో పెట్టుకోవద్దు” అన్నాడు. అవ్వ తట్ట అందుకుని “పోనీలే, మనుషులన్నాక జరుగుతాంటాయి” అంది. నాయన తల ఎత్తలేదు. అమ్మ లోపలికి పోయింది. ఇంటిల్లిపాదీ కుక్కిన పేనులాగా ఉండి, ఆ చెనిక్కాయలు మాత్రం తిన్నాం. నేనూ తిన్నాను.

మా ఆయన మాట విన్న మర్నాడే నేను పెనుకొండ బస్సెక్కాను. మామ, అత్త ఇప్పుడు అక్కడ కూతురి దగ్గర ఉంటున్నారు. సోమందేపల్లి దాటేదాకా ఎట్లా మొదలుపెట్టాలా అని ఆలోచించి, చివరికి వాళ్ల ఇంట్లో కూర్చోగానే ఏ మొదలూ లేకుండానే చెప్పేశాను: “మామా, ఆ నీళ్లు మా షవర్‌వి. మీ గచ్చు తప్పేం లేదు. మాకందరికీ తెలుసు, చెప్పలేదు.”

“ఎన్నేండ్ల నాటి మాట లే పాపా” అని ఆయన నవ్వబోయాడు. బియ్యం ఏరుతున్న సుంకమ్మత్త చెయ్యి ఆగిపోయింది.

“ఈ ఇల్లు కట్టేటప్పుడు వాకిట్లో అరుగు తానే పూస్తానన్న్యాడు పాపా” అంది ఆమె. “నీ చేతిపని ధర్మవరంలో చూసినాం లే అని నేనే కూలోళ్లను పెట్టిస్తి. ఆపొద్దు నుంచి ఈయప్ప తాపీ ముట్టలే.”

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అవ్వ లేదు, నాయన లేడు, అమ్మా లేదు, సిగ్గుపడటానికి మా ఇంటి తరఫున నేనొక్కదాన్నే మిగిలాను. ఆమె మళ్లీ బియ్యం ఏరడం మొదలుపెట్టింది.

“మన ఇండ్లు ఉండాయా ఇంకా?” అని అడిగాడు మామ.

లేవని చెప్పాను. మా మగ్గం, గుంట, వాళ్ల జాలాడి, మధ్య గోడ అన్నీ పడగొట్టి చీరల షాపులు కట్టారని చెప్పాను.

“ఉండింటే దీన్ని పిల్చుకోని పోయి ఆ గచ్చు చూపిద్దును” అన్నాడు ఆయన, అత్త వైపు చూస్తూ.