మట్టి లేని పాలకూర

ఆ రోజుల్లో మా జమ్మలమడుగు వైపు మనుషులకే కాదు, ఆకుకూరలకూ పార్టీలుండేవి. ప్రొద్దుటూరులో చదువు ముగించి, హాస్టలున్న ఓ మిషన్ బడిలో సైన్సు టీచరుగా అప్పుడే చేరాను. ఆడపిల్లలు రక్తం చాలక పాలిపోయి, ఉదయం ప్రార్థనలో నిలబడినచోటే కళ్ళు తిరిగి పడిపోయేవారు. పాలకూర పెడదామంటే, హాస్టల్లో ఉన్నది ఫ్యాక్షన్ పగలున్న రెండు ఊళ్ళ పిల్లలు; ఒక ఊరి చేలో కోసింది రెండో ఊరి పిల్లలు ముట్టరు. "వాళ్ళ చేని కూర తింటే మా నాయన సంపుతాడు మిస్" అని ఓ పిల్ల కంచం పక్కకు జరిపేసింది. (తొమ్మిదేళ్ళ పిల్ల. పార్టీ మాత్రం గట్టిది.)

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. లోకాన్ని బాగుచేయడానికి అంతకంటే మంచి వయసు లేదు. మిద్దె మీద ప్లాస్టిక్ గొట్టాలు పరిచి, రంధ్రాలు పెట్టి, మట్టి లేకుండా నీళ్ళలోనే పాలకూర పెంచడం మొదలుపెట్టాను. ఆ నీళ్ళలో కలిపే లవణాల్లో ఇనుము, జింకు కాస్త పెంచితే ఆకుల్లోకీ ఎక్కువగా చేరతాయని చదువుకున్నాను. మొదటిసారి ఉత్సాహం కొద్దీ ఇనుము మరీ ఎక్కువ కలిపాను. ఆకులు మచ్చలు పడి చచ్చాయి. వంటచేసే పెద్దక్క నడుము మీద చేతులేసుకుని, "మొక్కలకు గూడా తుప్పు పట్టించినావు గదమ్మా!" అంది. మరుసటి నెల తల్లిదండ్రులు పిల్లల్ని చూడటానికొచ్చే ఆదివారానికల్లా కూర కంచంలోకి రాకపోతే గొట్టాలు పీకించేస్తానన్నారు పెద్ద టీచరమ్మ. ఈసారి చిటికెడు చిటికెడు తూచి కలిపాను.

ఆ ఆదివారం పిల్లలకూ పెద్దలకూ పాలకూర పప్పు వడ్డించగానే, కంచం జరిపేసిన ఆ పిల్ల తండ్రి మీసాల మామ గిన్నెలోకి తొంగిచూశాడు.

"ఇది ఎవరి చేనిది టీచరమ్మా?"

"ఎవరి చేనిదీ కాదు మామా. మట్టే లేదు, నీళ్ళలో పెరిగింది."

"మట్టి లేకుండా కూర యాడ పండుతాదమ్మా? ఎవరికి చెప్తాండావు?"

మిద్దె ఎక్కించాను. వెనకే రెండో ఊరి పెద్ద, కళ్ళజోడు మామ కూడా వచ్చాడు. మీసాల మామ ఓ మొక్కను పైకి లాగాడు. తెల్లటి వేర్లు, నీటి చుక్కలు, అంతే. కళ్ళజోడు మామ, ఏళ్ళ తరబడి మాటల్లేవన్న సంగతే మరిచిపోయి, "మట్టే లేకపోతే ఇంక గట్టు తగాదా యాడిదప్పా!" అన్నాడు. మీసాల మామ పకపకా నవ్వేశాడు.

కిందికొచ్చి ముద్ద కలిపి, "శానా బాగుంది, ఇంకో గరిటె ఎయ్యి" అన్నాడు. వెంటనే ఎదుటి బల్ల నుంచి, "నాకు రెండు!" అన్నాడు కళ్ళజోడు మామ. తండ్రి తినడం చూసి ఆ పిల్లా కంచం ముందుకు లాక్కుంది. గిన్నెలు ఖాళీ. (నాకు మాత్రం పచ్చడి మిగిలింది.) మర్నాడు పెద్ద టీచరమ్మ తానే ఇంకో వరుస గొట్టాలు తెప్పించారు. కొన్ని నెలలకు, ప్రార్థన ముగిసేదాకా పిల్లలందరూ నిటారుగా నిలబడటం కళ్ళారా చూశాను.

ఆ ఆదివారం రాత్రే, పాలకూర పప్పుతో ఫ్యాక్షన్ మాన్పించేశానని అమ్మకు పెద్ద ఉత్తరం రాశాను. మానలేదని వారం తిరక్కుండానే తెలిసింది. అంత ధీమాగా ఉత్తరం రాసిన ఆ ఇరవై రెండేళ్ళ అమ్మాయిని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ ధీమాలో కొంచెమైనా నాకిప్పుడు ఉంటే ఎంత బాగుండేదో!