కప్పు గెలిచిన కాయిల్

మా బావమరిది క్రెయిగ్ హెపుల్‌వి బంగారం లాంటి చేతులు. ఈ మాట మా ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు, అందరికంటే ముందు అతనే చెబుతాడు. కిటికీలు బిగించే పనికి పొద్దున పోయి సాయంత్రం తిరిగొచ్చి, చొక్కా అయినా మార్చకుండా వంటింటి బల్ల ముందు కూర్చుంటాడు. నుదుటికి భూతద్దం, ముందు డ్రిల్లు, పక్కన వెంట్రుకంత సన్నటి తీగల ఉండలు. రెండు లావు తీగల్ని జతగా పట్టి, డ్రిల్లుతో తిప్పుతూ వాటి మీద సన్నతీగని చుడతాడు. అలా తయారైన తాడుని ఒక కడ్డీ మీద స్ప్రింగులా చుట్టి కడ్డీ లాగేస్తే, అది కాయిల్. దాని రెండు కాళ్లనీ పరికరంలో స్క్రూల కింద బిగించి, మధ్యలో దూది దూర్చి, దూదిని ద్రవంతో తడిపి మీట నొక్కితే ఆవిరి వస్తుంది. సిగరెట్ మానాలనుకున్నవాళ్లు ఆ ఆవిరి పీలుస్తారు. వేపింగ్ అంటే ఇంతే. ఇంతేనని క్రెయిగ్ ముందు మాత్రం అనకూడదు.

దూది పెట్టకముందు ఒట్టి కాయిల్‌ని ఎర్రగా కాల్చి చూస్తాడు. ఎరుపు సరిగ్గా నడిమధ్యలో మొదలై రెండు పక్కలకీ సమానంగా పాకాలి. ఏ చుట్టయినా తొందరపడి ముందే ఎర్రబడితే, పింగాణీ మొనల పట్టకారుతో నొక్కి, నిమిరి దారికి తెస్తాడు. పసిబిడ్డకి తల దువ్వినంత ఓపిక. సొంత బిడ్డలకి ఒక్కనాడూ దువ్వలేదని వాళ్లమ్మ విడాకులప్పుడు చెప్పింది.

ఇది వాళ్ల వంశంలోనే ఉంది. మా మామగారు గనిలో బొగ్గు తవ్వేవారు, గని బయట లీక్ అనే ఉల్లిజాతి కాడలు పెంచేవారు. మనిషి తొడంత లావున ఊరేవి. ఊరి క్లబ్బులో కాడల పోటీ అయ్యేదాకా వాటిని ఇంట్లో ఎవరూ ముట్టడానికి వీల్లేదు. మా అత్తగారు సూపులోకి కావలసిన కాడలు సంతలో కొనుక్కొచ్చుకునేది. తర్వాత గని మూశారు, మామగారు పోయారు, తోటల్లో ముళ్లకంప లేచింది. క్లబ్బు మాత్రం మిగిలింది, పోటీకి పరిచే పచ్చగుడ్డలు మిగిలాయి. ఆ గుడ్డల మీద పెట్టడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. వేపింగ్ దుకాణం నడిపే మాల్కమ్ స్టాబ్స్ మా క్లబ్బుకి కార్యదర్శి కూడా. అతను కాయిళ్ల పోటీ మొదలెట్టాడు.

ఆ పోటీకో నియమం ఉంది. వాడని కాయిల్ మాత్రమే పెట్టాలి. ఒక్కసారి పీల్చిందని తేలినా, పెట్టినవాడి పేరు గోడ మీది బోర్డులోంచి చెరిపేస్తారు. పీల్చడానికి పుట్టిన వస్తువుని పీలిస్తే మైల పడుతుందన్నమాట. ఇది విని నవ్వినవాణ్ణి క్లబ్బు మొత్తానికి నేనొక్కణ్ణే. మా బావమరిది ఆ వారమంతా నాతో మాట్లాడలేదు. ఆ వారం హాయిగా గడిచింది.

కిందటి చలికాలం నా నవ్వు ఆగిపోయింది. నా భార్య లొరెయిన్, అంటే క్రెయిగ్‌కి అక్క, వీధి చివరి దాకా నడిస్తే చాలు, పిక్క పట్టేసి గోడని పట్టుకుని నిలబడేది. ఎడమ కాలికి రక్తం మోసే నాళం పూడిపోయిందన్నారు. సర్జన్ మొహమాటం లేకుండా చెప్పాడు. సిగరెట్ మానితే పూడిన చోటు తప్పించి ఇంకో నాళం అతుకుతాడు. మానకపోతే అతుకు నిలవదు, అప్పుడు కోసి తీసేది కాలినే. మానిందీ లేనిదీ మనిషి మాట మీద నమ్మరు. ఆసుపత్రిలో నర్సు ఒక గొట్టంలోకి ఊదిస్తుంది, కాల్చిన పొగ ఆనవాలు ఆ గొట్టం బయటపెట్టేస్తుంది. వేపింగ్ ఆవిరికి మాత్రం అది పలకదు.

లొరెయిన్ బడి ఎగ్గొట్టే వయసు నుంచీ కాలుస్తోంది. చేతికి నికోటిన్ పట్టీలు అంటించి చూసింది, నమిలే బిళ్లలు నమిలి చూసింది, ఒట్టి మనోబలంతో కూడా ప్రయత్నించింది. ఏదీ పారలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో భోజనాల దగ్గర తమ్ముణ్ణి అడిగింది. పుట్టి బుద్ధెరిగాక వాణ్ణి ఆవిడ అడిగిన మొదటి సాయం అదే అనుకుంటాను.

"ఒరే, నాకొకటి చేసిపెట్టరా. సిగరెట్ లాగా గొంతు పట్టుకోవాలి, అంతే. అందం చందం నాకెందుకు."

క్రెయిగ్ ఫోర్కు కింద పెట్టేశాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అక్కకి చెయ్యకపోతే ఈ చేతులెందుకు అన్నాడు. నేను నమ్మేశాను. గ్రేవీ పోసుకున్న పళ్లెం ముందు పెట్టుకుని ఏడ్చే మనిషిని ఎవరైనా నమ్ముతారు.

ఆ తర్వాత మొదలైంది తపస్సు. వారం వారం వచ్చి మా కూర తిని, పని ఎందాకా వచ్చిందో చెప్పి పోయేవాడు. ఒకసారి ఎరుపు సమంగా పాకలేదట. ఇంకోసారి నాలుగో చుట్టుకీ ఐదో చుట్టుకీ మధ్య సందు కనిపించిందట. భూతద్దంలో కనిపించిన ఆ సందు కోసం మా ఆవిడ పెరటి మెట్టు మీద కూర్చుని పెట్టెలకి పెట్టెలు ఊదేసింది. నేను లోపలి నుంచి ఆ దగ్గు వింటూ కూర్చునేవాణ్ణి.

చివరికి తెచ్చాడు. మఖమల్ గుడ్డ వేసిన డబ్బాలో తెచ్చాడు. తీగ మీద తీగ, ఆ తీగ మీద మెలికలు. పెళ్లికూతురి జడ కూడా అంత పనితనంతో ఉండదు. లొరెయిన్ ఎప్పుడూ సిగరెట్ పీల్చినట్టే గట్టిగా ఒక దమ్ము లాగింది. అంతే, మా వంటిల్లు మాయమైపోయింది. ఆ తెల్లటి మబ్బులోంచి దగ్గు ఒక్కటే వినిపిస్తోంది. కుక్క బల్ల కిందికి దూరింది. మబ్బు విచ్చుకునేసరికి మా ఆవిడ మొహం కందిపోయి ఉంది, క్రెయిగ్ మాత్రం మబ్బు ఎంత ఒత్తుగా వచ్చిందో చూశారా అని ఫోన్‌లో ఫొటో తీస్తున్నాడు.

అసలు తిరకాసు ఏమిటంటే, మబ్బు కోసం చుట్టిన కాయిల్ వేరు, పొగ మానడానికి చుట్టే కాయిల్ వేరు. ఈ మబ్బుల వాళ్లు ద్రవంలో నికోటిన్ నామమాత్రంగా వేసుకుంటారు. గంపెడు ఆవిరి వస్తుంది, గొంతుకి ఏమీ తగలదు. అలవాటున్న మనిషికి కావలసింది కొంచెం ఆవిరి, ఘాటైన ద్రవం. దానికి మామూలు ఒంటి తీగ, కాసిని చుట్లు చాలు. ఆ సంగతి క్రెయిగ్‌కి తెలియక కాదు. అలాంటిది ఎవడైనా చుడతాడు, నా చేత్తో చుడితే క్లబ్బులో పరువేం కావాలి అన్నాడు.

అప్పుడు నాకు తిక్క రేగింది. అతని నుదుటి మీది భూతద్దం ఊడబెరికి నా జేబులో వేసుకున్నాను. తలుపుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"ఒంటి తీగ. ఉత్త కళ్లతో. ఇప్పుడే, ఇక్కడే. లేకపోతే నువ్వు గుమ్మం దాటవు."

కళ్లు లేనివాణ్ణి చేశావు బావా అని సణుగుతూ చుట్టాడు. టీ మరిగేలోపు అయిపోయింది. చిన్న పరికరంలో బిగించి, దూది పెట్టి, ఘాటు ద్రవం పోసి అక్క చేతికిచ్చాడు, చచ్చిన ఎలుకని ఇచ్చినట్టు. లొరెయిన్ మెల్లగా లాగింది. కళ్లు మూసుకుంది. భుజాలు దిగాయి. ఆ రోజు పెరటి మెట్టు మీదికి వెళ్లలేదు, మర్నాడూ వెళ్లలేదు. నేను స్నానాల గదిలోకి పోయి తలుపేసుకుని ఏడ్చాను, నాకు అందులో సిగ్గేమీ లేదు.

వసంతంలో నర్సు గొట్టం ఊదించి భేష్ అంది. ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు. క్రెయిగ్ ఆదివారాలు వచ్చి, దూది మార్చి, కాయిల్ కాల్చి శుభ్రం చేసి, భోంచేసి పోయేవాడు. భూతద్దం తిరిగి ఇచ్చేశాను. అదే నేను చేసిన తెలివితక్కువ పని.

ఒక ఆదివారం ఆ పాత కాయిల్‌ని తుడిచి భూతద్దంలో చూసి, అలాగే ఉండిపోయాడు. బంగాళాదుంపలు చల్లారిపోయినా కదల్లేదు. ఉత్త కళ్లతో, కోపంతో చుట్టింది కదా, ఒక్క సందు లేదట, ఒక్క వంకర లేదట. జన్మలో అంత నిఖార్సైన కాయిల్ చుట్టలేదట. బాగా కడిగి తెస్తానని పరికరంలోంచి ఊడదీసి పట్టుకుపోయాడు. అటు తర్వాత వచ్చిన శనివారం క్లబ్బులో పోటీ.

కప్పు గెలిచాడు. ఒంటి తీగ విభాగంలోనే కాదు, అన్నిటి మీదా. వాడిన ఆనవాలు ఎవరికీ దొరకలేదు, అంత బాగా తోమాడు మరి. గెలిచిన కాయిల్‌ని ఏడాది పాటు గాజుపెట్టెలో పెట్టి తాళం వేస్తారు. బోర్డు మీద క్రెయిగ్ హెపుల్ అని బంగారు రంగుతో రాశారు. ఇక్కడ మా ఇంట్లో గుల్ల పరికరం పట్టుకుని లొరెయిన్ ఎదురుచూసింది. ఫోన్ చేస్తే రేపు అన్నాడు. మర్నాడు ఫోన్ ఎత్తలేదు. మాల్కమ్ దుకాణంలో తయారుగా ఉన్న పరికరం కొని తెచ్చాను. అది కారి నోరంతా చేదు చేసింది. పెరటి తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపించింది. మెట్టు మీద లైటర్ వెలిగింది.

తర్వాత గొట్టం ఊదితే పొగ బయటపడింది. సర్జన్ తేదీ వెనక్కి జరిపాడు. వచ్చే నెల ఇంకొక్కసారి చూస్తానన్నాడు, అప్పుడూ ఇలాగే ఉంటే మాట్లాడుకోవలసింది నాళం గురించి కాదన్నాడు.

నేను క్రెయిగ్ ఇంటికి పోయాను. బల్ల మీద కొత్త ఒంటి తీగ కాయిళ్లు, అన్నీ కటింగ్ ప్లయర్‌తో నలిపేసినవే. అక్కకి నాసిరకం ఎలా ఇవ్వను బావా, ఒక్కటీ దానిలా రావడం లేదు అన్నాడు. పెట్టె తెరిపించి దాన్నే ఇవ్వమన్నాను. వాడిన కాయిల్ అని తెలిసిపోతుంది, పేరు చెరిపేస్తారు అన్నాడు. మళ్లీ కళ్లల్లో నీళ్లు. ఈసారి పళ్లెం లేదు, నేను నమ్మనూ లేదు. నా నోటికొచ్చినవన్నీ అని ఇంటికొచ్చి లొరెయిన్‌తో చెప్పాను. ఆవిడ శనివారం క్లబ్బుకి తీసుకెళ్లమంది.

క్లబ్బులో అంకెలు పిలిచే బింగో ఆట నడుస్తోంది. ఊళ్లో సగం మంది అక్కడే ఉన్నారు. లొరెయిన్ కర్ర ఆనించుకుంటూ పోయి, గాజుపెట్టె పక్కన, క్రెయిగ్ కూర్చున్న బల్లకి ఎదురుగా కూలబడింది. సంచిలోంచి సిగరెట్ తీసి వెలిగించింది. ఆ హాల్లో సిగరెట్ వెలిగి ఏళ్లయింది. అంకెలు చదివే మనిషి నోరు ఆగిపోయింది. మాల్కమ్ లేచి వచ్చాడు.

"లొరెయిన్, లోపల కాల్చకూడదమ్మా."

"తెలుసు మాల్కమ్. మా తమ్ముణ్ణి వద్దనమను, ఆర్పేస్తా."

జనమంతా క్రెయిగ్ వైపు తిరిగారు. ఏమిటో వాళ్లకి తెలియదు, అతనికి తెలుసు. క్రెయిగ్ గాజుపెట్టె వైపు చూశాడు. బోర్డు మీది తన పేరు చూశాడు. అక్క ఉబ్బిన చీలమండ చూశాడు. మళ్లీ బోర్డు చూశాడు. లొరెయిన్ తొందర పెట్టలేదు. మామూలుగా, ఇంట్లో పెరటి మెట్టు మీద కాల్చినట్టే కాలుస్తూ, కాగితం ఎందాకా కాలిందో చూసుకుంటూ కూర్చుంది. ఆ కొద్దిసేపూ మా బావమరిదిని చూసినంత అసహ్యంతో నేను ఎవరినీ ఎప్పుడూ చూడలేదు.

సిగరెట్ సగానికి వచ్చాక లేచాడు. పెట్టె తాళంచెవి ఇవ్వమని మాల్కమ్‌ని అడిగాడు. అది తన అక్క పీల్చిన కాయిల్ అని, తోమి పెట్టానని అందరూ వినేలా చెప్పాడు.  బింగో బల్ల మీదే, లొరెయిన్ సంచిలోంచి తీసిచ్చిన గుల్ల పరికరంలో స్క్రూలు బిగించి, దూది పెట్టి, ద్రవం పోసి, పరికరం అక్క ముందు పెట్టాడు. లొరెయిన్ సిగరెట్‌ని బీరు గ్లాసులో పడేసి దాన్ని అందుకుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సోమవారం కమిటీ కూర్చుని అతని పేరు చెరిపేసింది, పోటీల్లోకి మళ్లీ రావద్దని చెప్పింది.

నర్సు గొట్టం ఆ నెల ఏమీ పలకలేదు. ఆపరేషన్ అయింది, కాలు నిలిచింది. ఇప్పుడు లొరెయిన్ వీధి చివరిదాకా పోయి, రొట్టె కొనుక్కుని, ఎక్కడా గోడ పట్టుకోకుండా తిరిగొస్తోంది. క్రెయిగ్ ఆదివారాలు యథాప్రకారం వస్తున్నాడు, యథాప్రకారం తింటున్నాడు. అక్క కాలి కోసం కప్పు వదులుకున్న కథ కిటికీలు బిగించిన ప్రతి ఇంట్లోనూ చెప్పుకుంటున్నాడట. మొన్న ఆదివారం మేం భోజనాల దగ్గర ఉండగా పక్కింటావిడ ఆ కథ విని కరిగిపోయి వచ్చింది. ఇలాంటి తమ్ముడు ఎంతమందికి ఉంటాడు, నువ్వు అదృష్టవంతురాలివి అంది.

లొరెయిన్ అతని పళ్లెంలో ఇంకో ముక్క మాంసం వేస్తూ, తల ఎత్తకుండా చెప్పింది.

"మంచివాడే. సగం సిగరెట్ పట్టింది, అంతే."