గాజుపెట్టె మీద గొంగడి

ఆత్మకూర్ (ఎస్) చుట్టుపక్కల గొర్లున్న ఇండ్లల్ల చంద్రమ్మ చెయ్యి తెల్వనోళ్లు లేరు. మనిషి తెల్వకున్నా చెయ్యి తెలుసు. ఈనిన గొర్రె పిల్లను నాకకుండ వదిలేసి, ఆ పిల్ల చలికి కట్టెలెక్క బిగుసుకపోతే ముందు చంద్రమ్మకే కబురు పోయేది. ఆమె వచ్చి పిల్ల నోట్లె వేలు పెట్టి చూస్తది. నోరు చల్లగ ఉంటే గొంగడిల చుట్టి, పొయ్యి పక్కన ఒడిల పెట్టుకొని కూసుంటది. కొంచెం సేపటికి పిల్ల తల లేపుతది, తల్లి పొదుగు ఎతుక్కుంట పోతది. ఒకసారి పశువుల డాక్టరే, నీ చేతిల థర్మామీటరున్నదా ఏందమ్మా అన్నడట. ఆ మాట ఆమె ఎవరు అడిగినా, అడగకున్నా చెప్పుకుంటనే ఉన్నది.

గిసొంటి మనిషికి పామును సాదే కోడలు దొరికింది.

కొడుకు మల్లేష్ వాడపల్లి కాడ సిమెంటు ఫ్యాక్టరీల పని చేస్తడు. కాపురం మిర్యాలగూడల. కోడలు ప్రశాంతిది కోదాడ, కాలేజీల జువాలజీ చెప్తది. వాళ్లింట్ల ముందటి రూముల టీవీ ఉండాల్సిన జాగల గాజుపెట్టె ఉంటది. దాంట్లె నారింజ రంగు ఒంటి మీద ఎర్ర మచ్చలున్న పాము. కార్న్ స్నేక్ అంటరట. మన దేశపుది కాదు, విషం లేదు, ఫారెస్టోళ్లకు చెప్పి కాయితాలు చేయించుకునే సాదుతున్నది. కుంకుమ అని పేరు కూడ పెట్టుకున్నది. చంద్రమ్మ నోటితోని పాము అనదు, పురుగు అంటది. వచ్చిన కొత్తల ఆ రూము గడపే తొక్కలే. పోను పోను అలవాటైంది. ఊపిరున్న జీవిని ఎన్ని రోజులని పరాయిదాని లెక్క చూస్తది?

ఆ యేడు పుష్యమాసంల చలి గట్టిగ పెట్టింది. కోదాడల ప్రశాంతి తల్లికి ఆపరేషన్ పడ్డది. మల్లేషేమో ఫ్యాక్టరీల మిషిన్లు ఆపి రిపేర్లు చేస్తున్నరని రాత్రీ పగలూ ఆడనే ఉన్నడు. ఇగ ఇల్లు చూడనీకి అత్తను పిలిపించుకున్నది. పొయ్యే ముందు గాజుపెట్టె కాడ నిలబెట్టి అన్నీ చూపెట్టింది. పెట్టె కింద సగం మేరకు కరెంటుతోని వేడయ్యే పట్ట ఉన్నది. లోపల నేలకు అంటించిన సన్న వైరొకటి ఆ వేడిని కనిపెడతది. వైరుకు తగిలించిన డబ్బాల అంకె పడతది. ముప్ఫై దగ్గరికి రాంగనే డబ్బానే పట్టను బందు చేస్తది, తగ్గితే మళ్ల ఏస్తది. మిగిలిన సగం చల్లగనే ఉండాలె. వెచ్చదనం కావాల్నంటే అదే ఇటు వస్తది, చాలనుకుంటే అటు పోతది.

"మీరు ఏమీ ముట్టుకోవద్దు అత్తయ్యా. అంకె చూసి చెప్పండి, చాలు" అన్నది ప్రశాంతి.

చంద్రమ్మకు రోషమొచ్చింది. ఎన్ని గొర్రెపిల్లల పానం నిలబెట్టిన చెయ్యి ఇది, దీన్ని ముట్టద్దంటదా? పైకి మాత్రం సరే పో అన్నది.

తెల్లారి చలి ఇంకా ఇగం పెట్టింది. చంద్రమ్మ ఉండబట్టలేక పెట్టె మూత జరిపి, చల్లటి దిక్కున పడుకున్న పాము వీపు మీద భయం భయంగనే రెండు వేళ్లు ఆనిచ్చింది. కుండనీళ్ల లెక్క చల్లగ తగిలింది. గొర్రెపిల్ల గిట్ల ఉన్నదంటే ఇంకో జాము బతకది. సగం ఇల్లు వెచ్చగ, సగం ఇల్లు చల్లగ ఉండుడేంది, ఇదేం సాదుడు అని కోడలి సదువును తిట్టుకున్నది. పాముకు ఒంట్లె తనదంటూ వేడి ఉండదని, పక్కన ఎంతుంటే దానికీ అంతే ఉంటదని, చెయ్యికి అది ఎప్పుడూ చల్లగనే తగులుతదని ఆమెకు తెల్వదు. ఆమె చెయ్యికి గొర్రె తెలుసు, మనిషి తెలుసు. పాము తెల్వదు.

కొంచెం సేపైనంక చూస్తే పాము వెచ్చటి దిక్కున ఆ సన్న వైరు చుట్టే చుట్టుకొని పడుకున్నది. పాపం గుచ్చుకుంటున్నదేమో అని చంద్రమ్మ వైరును పీకి బయట బండల మీద పడేసింది. ఊరి నుంచి తెచ్చుకున్న నల్ల గొంగడి మడత ఇప్పి పెట్టె మీద కప్పింది. వైరేమో చల్లటి బండ మీద పడి ఉన్నది. డబ్బా దాన్నే నమ్మి, ఇంకా చలిగున్నదనుకొని పట్టను ఆపకుండ కాల్చుకుంట పోయింది. అంకె ఇరవై కూడ దాటలే. డబ్బా చెడిపోయింది, నా చెయ్యి ఉన్నదిగద అనుకున్నది చంద్రమ్మ. ప్రశాంతి ఫోన్ చేసి అంకె ఎంతున్నదని అడిగితే, చూడకుండనే ముప్ఫై అని చెప్పింది.

సాయంత్రం గొంగడి కొస లేపి చూస్తే పాము నీళ్ల గిన్నెల మునిగి ఉన్నది. మళ్ల చూస్తే మళ్ల నీళ్లల్లనే. అమ్మయ్య, పానం వచ్చింది, తానం చేస్తున్నది అని మురిసింది. పక్కింటి పిల్ల ద్వాళిని పిలిచి గడప కాడ నుంచే చూపెట్టింది. సదువుకున్నోళ్లు చలిల పడేసి పొయిన్రు, నేను నిలబెట్టిన అన్నది. తుంగతుర్తిల ఉన్న చెల్లె సరళకు ఫోన్ చేసి అదే చెప్పింది.

ఇంకో రోజుకు పాము గిన్నెల నుంచి తల బయట పెట్టి నోరు తెరుచుకొని పడున్నది. అప్పుడు పెట్టెల చెయ్యి పెట్టింది చంద్రమ్మ. పొయ్యి మీది పెనం అడుగు తాకినట్టయి చెయ్యి ఎనుకకు తీసుకున్నది. గిన్నె వంచి చూస్తే పాము కడుపు కింది పొలుసులు గోధుమ రంగుకు తిరిగి, అక్కడక్కడ బొబ్బలెక్కినయి.

ఏం చేసిందో అప్పుడు తెలిసింది. తెల్వంగనే చేసిన పని ఏందంటే, గొంగడి తీసి మడతపెట్టి సంచిల దాచింది. వైరు ఎక్కడిదక్కడ పెట్టి, దాన్ని అంటించిన టేపు మీద గోటితోని గట్టిగ రుద్దింది. తర్వాత కోడలికి ఫోన్ చేసి, నీ పురుగు ఎట్లనో ఉన్నది, జర రా అన్నది.

ప్రశాంతి ఉరుకులాడుకుంట వచ్చింది. పామును చేతులల్లకు తీసుకొని కడుపు చూసి ఏడుపందుకున్నది. హైదరాబాద్ డాక్టరుకు ఫోన్ల చూపెట్టింది. కాలిన పుండ్లు, మందు రాయాలె, బతుకుతదో లేదో వారం దాకా చెప్పలేను అన్నడు ఆయన. డబ్బా పనిచెయ్యక కాలిందనుకున్నది ప్రశాంతి. మూగజీవిని మిషిన్ కి అప్పజెప్పి పోయినందుకు తనను తనే తిట్టుకున్నది. సాదే అర్హత తనకు లేదన్నది, హైదరాబాద్ ల తెలిసినోళ్లు ఆదివారం వచ్చి తీసుకపోతరన్నది. అంత ఏడుపుల కూడ అత్తకు రెండు చేతులు జోడించింది. "మీరు చూసుకోబట్టి ఈ మాత్రం పానం దక్కింది అత్తయ్యా."

చంద్రమ్మ ఆ దండం తీసుకున్నది. కాదనలే.

తెల్లారి ఊరికి పోతనని సంచి పట్టుకొని బస్సెక్కింది. సంచిల గొంగడి ఒళ్లె బరువుగ ఉన్నది. సూర్యాపేట బస్టాండుల దిగి ఆత్మకూర్ బస్సు కోసం నిలబడ్డదో లేదో, ఊరి మంగయ్య ఎదురొచ్చిండు. ఊళ్లె ఆయనకు గొర్ల మంద ఉన్నది.

"చంద్రక్కా, పామును కూడ బతికిచ్చినవంట గద. మల్లేష్ ఫోన్ల చెప్పిండు. మా మందల ఒక పిల్ల మెతకబడుతున్నది, రేపు జర వచ్చి చెయ్యి పెట్టవా."

చంద్రమ్మ ఆ చెయ్యిని కొంగుల దాచుకున్నది. ఎవరో నడి బజార్ల గుడ్డలిప్పినట్టయింది. మంగయ్య ఇంకా ఏమేమో పొగుడుతున్నడు. ఆమె రోడ్డు దాటి మిర్యాలగూడ బస్సు ఎక్కి కూసున్నది. పోతే పోనీ, పురుగే గద అని దారిపొడుగూత అనుకోవాలని చూసింది. కడుపు కింది బొబ్బలే కండ్ల ముందట మెదిలినయి. ఆదివారం ఆ పెట్టె ఇల్లు దాటిందంటే, ఇగ ఈ మాట చెప్పేందుకు జాగ ఉండదు.

ఇంటికి పొయ్యేసరికి ప్రశాంతి పాము కడుపుకు మందు రాస్తున్నది.

"ఆ డబ్బా మంచిగనే ఉన్నది" అన్నది చంద్రమ్మ, నిలబడే. "వైరు నేనే పీకిన. గొంగడి కప్పింది నేనే."

మందు రాసే వేలు ఆగింది. "నేను ఫోన్ చేసినప్పుడు ముప్ఫై అన్నారు కదా?"

"సూడకుండ చెప్పిన."

ప్రశాంతి తల ఎత్తలే. "నేను మీకు దండం పెట్టాను అత్తయ్యా."

అంతే అన్నది. తిట్టినా బాగుండు, అత్తా అని చూడకుండ నాలుగు మాటలన్నా బాగుండు. ప్రశాంతి హైదరాబాదోళ్లకు ఫోన్ చేసి రావద్దని చెప్పింది. తర్వాత అన్నం పెట్టింది, పెరుగేసింది, పండుకునేందుకు దుప్పటి తెచ్చింది. దేనికీ తక్కువ చెయ్యలే. మాటనే లేదు.

పాము బతికింది. కుబుసం విడిచినంక కూడ కడుపు మీద మచ్చలు పోలే.

ఫాల్గుణంల ప్రశాంతి మళ్ల కోదాడకు పోవాల్సొచ్చింది. ఇంటి తోడుకు అత్తనే పిలిపించింది. పెట్టె పని మాత్రం అత్త ముందటనే ద్వాళికి అప్పజెప్పింది. ద్వాళి చెప్పినప్పుడల్లా వస్తది గని గడప దాటదు, పామంటే భయం.

"పెద్దమ్మా, అంకె ఎంతున్నదో నువ్వే సూసి చెప్పవా" అన్నది.

చంద్రమ్మ రెండు చేతులూ ఎనుకకు పెట్టి కొంగుతోని చుట్టుకొని, పెట్టె ముందట వంగింది. వెచ్చటి దిక్కున ఉన్న పాము మెల్లగ కదిలి, చల్లటి దిక్కున్న కుండపెంకు కిందికి తనంతట తనే పోయింది. ఎవరూ తోలలే. ఆమె అట్లనే చూసుకుంట ఉన్నది. తర్వాత అంకె చూసి ఇరవై తొమ్మిది అని చెప్పింది.

ద్వాళి ఫోన్ చేసి అదే చెప్పింది. ఫోన్ల నుంచి ప్రశాంతి గొంతు రూమంత వినపడ్డది.

"ఎవరు చూశారు?"

"పెద్దమ్మ సూసింది."

"ఒకసారి నువ్వే చూసి చెప్పు ద్వాళీ."

చంద్రమ్మ పెట్టె ముందట నుంచి పక్కకు జరిగింది. "దా బిడ్డా, అది ఏమనది" అన్నది. ద్వాళి గోడకు ఆనుకుంట ఆనుకుంట లోపలికొచ్చి, మెడ చాపి అంకె చూసింది. ఇరవై తొమ్మిదే ఉన్నది. ద్వాళి పోయినంక కూడ చంద్రమ్మ చేతులకు చుట్టిన కొంగు ఇప్పలే.