చనుబాల పచ్చబొట్టు

“ఊళ్ళో ఇంకో బాలింతే దొరకలేదేటే నీకు? బిడ్డని మట్టిలో పెట్టొచ్చినదాని పాలు తెచ్చి నా మనవరాలి సేతిలో పొడిపిత్తావా?”

“పాలు ఏ పాపం సేసేయత్తా? ఆ పిల్ల గోడవార పిండేసి పారబోసుకుంటంది. అడిగితే తనే తెచ్చిచ్చింది.”

“సచ్చిన ఆ పసోడు తన పాలు ఎతుక్కుంటా వత్తాడు. వచ్చి ఎక్కడ నోరెడతాడు? దీని సేతి మీదే.”

“రానీ.”

నా చిన్నప్పుడు అనకాపల్లిలో మా ఇంటి అరుగు మీద మా నాయనమ్మకీ, మా అమ్మకీ జరిగిన గొడవ ఇది. అప్పుడు నేను రెండో తరగతి. ఆ మరుసటి ఏడు బడి మాన్పించేశారు కాబట్టి నా చదువంతా అంతే. ఇద్దరి మధ్యా చెయ్యి చాపుకుని కూర్చున్నాను. పచ్చబొట్లు పొడిచే ఆవిడ నా మణికట్టు పట్టుకుని, దారంతో కట్టిన సూదులు గాల్లో ఆపి, ఎవరి మాట నెగ్గుతుందా అని చూస్తోంది.

ఆ రోజుల్లో పచ్చబొట్టుకి రంగు కొనేది లేదు. ఆముదం దీపం మసిని చనుబాలతో నూరేవారు. ఏ ఇంట్లో ఆడపిల్లకి పొడిపించినా వీధిలో ఉన్న బాలింత కొబ్బరిచిప్పలో కాసిని పాలు పంపేది. అప్పటికి మా వీధిలో బాలింత పక్కింటి అక్క ఒక్కతే. ఆమె కొడుకు నెల తిరక్కుండానే పోయాడు. పాలు మాత్రం ఆగలేదు. రవిక తడిసిపోతుంటే పెరటి గోడ దగ్గర నిలబడి పిండుకునేది. ఆ తడి దగ్గరికి చీమ కూడా చేరడం లేదని మా నాయనమ్మ అనేది. అక్క ఏడవలేదు. ఎవరితోనూ మాట్లాడలేదు. ఎవరేం తెచ్చినా ముట్టలేదు.

మా అమ్మ పొడవమంది. నాయనమ్మ లేచి లోపలికి వెళ్ళిపోయింది. పచ్చబొట్ల ఆవిడ నా ముంజేతి మీద తేలు బొమ్మ పొడిచి, పసుపు అద్ది, మా అమ్మ ఇచ్చిన బియ్యం మూట కట్టుకుని పోయింది. నేను కిక్కురుమనలేదు. ఏడిచే పిల్లలంటే మా ఇంట్లో ఎవరికీ గిట్టదు. నాకూ గిట్టదు.

పొద్దు వాలేసరికి చెయ్యి వాచింది. ఉత్త మంటైతే ఓర్చుకునేదాన్నే. కానీ ఉండుండి ఎవరో నోరు పెట్టి పీలుస్తున్నట్టు చర్మం లోపలికి లాగేది. ఆగేది. మళ్ళీ లాగేది. పాలు తాగే పిల్లలు ఊపిరి తీసుకోవడానికి ఆగుతారు చూడండి, అలాగ.

నాయనమ్మకి చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు. తెల్లారగానే కొడవలి కాల్చి ఆ తేలు మీద వాత పెడతానంది. మచ్చ పడితే పడనీ, పిల్ల దక్కితే చాలంది. బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసి వచ్చిన మా నాన్న విని, తల వంచుకుని కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు. మా అమ్మ మాత్రం పక్కింటికి నడిచింది.

దీపాల వేళకి అక్కని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. అక్క నా పక్కన కూర్చుని నా చేతిని ఒళ్ళో పెట్టుకుంది. నా ముఖం వైపు చూడలేదు. చేతి మీద కొంగు కప్పి, కొంగు పైనుంచి మెల్లగా జోకొట్టడం మొదలుపెట్టింది. భయమేసి వెనక్కి లాక్కోబోయాను. కదల్లేదు. చెయ్యి నాది కానట్టుంది. ఆ పీల్పు నెమ్మదించింది, ఇంకా నెమ్మదించింది, ఆగిపోయింది. నాయనమ్మ గడపలోనే నిలబడిపోయింది.

“తాగీసేడు,” అంది అక్క. “పడుకున్నాడు.”

బిడ్డ పోయాక ఆమె నోటి వెంట వచ్చిన మొదటి మాట అది. ఆ తర్వాత ఏడ్చింది. మా అమ్మ ఊరుకోబెట్టకుండా ఏడవనిచ్చింది.

ఆ తేలుకి ఇప్పుడు కాళ్ళు కనబడవు. ముడతల్లో కలిసిపోయి పచ్చటి మరకలా మిగిలింది. నా పిల్లలు ఎంత పేచీ పెట్టినా ఆ చేతి మీద తల పెడితే పడుకునేవారు, రెండో చేతి మీద పడుకునేవారు కాదు. పరవాడలో కంపెనీ బస్సెక్కి పనికి వెళ్ళే మా మనవరాలు మొన్న మిషనుతో భుజం మీద సీతాకోకచిలుక వేయించుకొచ్చింది. నాది చూసి, వైజాగ్‌లో లేజరు పెట్టి తీసేస్తారట, వెళ్దామా అమ్మమ్మా అంది. వద్దన్నాను. ఎందుకో చెప్పలేదు. ఏ ఇంట్లోనైనా పసిబిడ్డ ఏడిస్తే నాకిప్పటికీ అక్కడ లాగుతుంది. నమ్మమని ఎవరినీ బతిమాలను.

నన్ను పిసినారి అంటారు. మెతుకు పారేయనివ్వను, పాత చీర పారేయనివ్వను, నిజమే. ఒకళ్ళు పారబోసుకుంటున్నదాన్ని మనం అడిగి పుచ్చుకోవడం కూడా వాళ్ళకి పెట్టడమేనని ఆ రోజు మా అమ్మ చేసి చూపించింది. నోటితో ఎప్పుడూ చెప్పలేదు.

పచ్చబొట్టు పొడిచిన మర్నాడు పొద్దున్న నాయనమ్మ నా చేతిని వెలుగులోకి తిప్పి చూసింది. వాపు దిగింది. వాత మాటెత్తలేదు. ఇంతలో పక్కింటి అక్క వచ్చి, ఆకలేత్తంది మామ్మా అంది. నాయనమ్మ కంచంలో చద్దన్నం పెట్టి, ఉల్లిపాయ చితక్కొట్టి ఇచ్చి, ఎదురుగా కూర్చుంది. అక్క అంతా తినేసి ఇంకా కావాలంది. నా వాటా కూడా ఆమెకే పెట్టేశారు. నేను ఉత్త గంజి తాగి బడికి వెళ్ళాను.