ఖాళీ డబ్బాలో అగ్గిపెట్టె

రాయవే, చెప్తున్నా. మీ తాత గల్ఫులో, రువైస్ రిఫైనరీలో పనిచేసే రోజులవి. అబుదాబి పోయే బస్సులో నా పక్కన ఒక జపాను ఆమె కూర్చుంది. దారి పొడుగునా ఇసుకే, ఆమె పొద్దున్నుంచి ఏమీ తిన్నట్టు లేదు. ఊరినుంచి తెచ్చుకున్న సకినాల్లో మిగిలిన నాలుగూ స్టీలు డబ్బాతోనే ఇచ్చేశాను. ఒక్క ముక్క మిగల్చకుండా తిన్నది.

బనియాస్‌లో దిగేముందు డబ్బా శుభ్రంగా తుడిచింది. సంచంతా వెతికి, ఒక అగ్గిపెట్టె అందులో పెట్టి, రెండు చేతులతో నాకిచ్చి, నడుం వంచి దిగిపోయింది.

వెనక సీటులో మీ తాత పగలబడి నవ్వాడు. "నీ సకినాలు పండ్లు ఇరగ్గొట్టినయేమోనే, కాల్చెయ్యమంటున్నది!"

నా ముఖం మాడిపోయింది. ఇంటి రుచి, అదే ఆఖరు మరి.

డ్రైవరు నెల్లూరు సాయిబు, జపాను వాళ్ల క్యాంపులో పనిచేసినవాడు. "నవ్వబాకన్నా. వాళ్లు గిన్నె ఖాళీగా తిరిగియ్యరు. ఏమీ లేకుంటే అగ్గిపెట్టైనా పెడతారు" అన్నాడు.

అయ్యో, మా అత్త కూడా అంతే కదా! పిడికెడు బియ్యమైనా వెయ్యందే ఎవరి గిన్నె తిరిగిచ్చేది కాదు. ఆ మాట ఆమెకు ఎట్లా చెప్పాలో తెలియక, బస్సు కదిలేలోపే కిటికీలోంచి డబ్బా ఎత్తి చూపించాను. రోడ్డుపక్కన ఆమె మళ్లీ వంగింది.

సరే, కలం పక్కన పెట్టు. పక్కింటి వాళ్ల డబ్బా కడిగావు బాగానే ఉంది, ఖాళీగానే పట్టుకెళ్తావా?